సైక్లోఫాస్ఫమైడ్ మొదలయ్యే ముందు: లూపస్ ఉన్న అబ్బాయిలూ, అమ్మానాన్నలూ తేల్చుకోవాల్సినవి

లూపస్ అంటే ఒంటి రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు. ఆ పేరు అనగానే ఆడవాళ్ల జబ్బు అంటారు. పెద్దవాళ్లలో చూస్తే అది చాలావరకు నిజమే, పదిమంది పేషెంట్లలో దాదాపు తొమ్మిదిమంది ఆడవాళ్లే. దాంతో ఏమైందంటే గర్భం, పిల్లలు, మందులు అని ఎక్కడ వెతికినా దొరికేదంతా వాళ్ల కోసం రాసిందే. పన్నెండేళ్లకో పదిహేనేళ్లకో లూపస్ బయటపడిన మగపిల్లాడికి మాత్రం రేపు పిల్లలు పుట్టే సంగతి ఏంటో చెప్పేవాళ్లు దొరకరు. వాడు సిగ్గుతో అడగడు. అమ్మానాన్నలు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతొచ్చింది, యూరిన్‌లో ప్రోటీన్ ఎంత పోతోంది అన్న టెన్షన్‌లో ఉంటారు. డాక్టర్ గారి గది బయట ఇంకో నలభైమంది కూర్చుని ఉంటారు. అలా ఆ మాట రాకుండానే, కిడ్నీని కాపాడడానికి ఇచ్చినా వీర్యకణాల తయారీని దెబ్బతీయగల సైక్లోఫాస్ఫమైడ్ మొదటి డ్రిప్ ఎక్కేస్తుంది.

నేను డాక్టర్‌ని కాదు, ఈ జబ్బుతో పెరిగినవాణ్ణి. ఇది చదివి ఎవరూ మందు ఆపేయొద్దు, మార్చేయొద్దు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలిస్తే చాలు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. చాలా ఇళ్లలో దీన్ని "కిడ్నీనా, పిల్లలా" అన్నట్టు మాట్లాడుకుంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. ఏ మందు వాడాలన్నది కిడ్నీని చూసి తేలుస్తారు. వీర్యం దాచుకోవాలా వద్దా అన్నది ఆ పిల్లాడి వయసు, చేతిలో ఉన్న రోజులు చూసి తేల్చుకోవాలి. రెండోదానికి భయపడి మొదటిదాన్ని వాయిదా వేయడం అసలు పనికిరాదు, ఎందుకంటే అదుపు తప్పిన లూపస్, పాడైన కిడ్నీ కూడా టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్‌నీ వీర్యకణాల్నీ తగ్గిస్తాయి. మందు మానేస్తే పిల్లలు పుట్టే అవకాశం భద్రంగా ఉంటుందనుకోవడం భ్రమ.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది కిడ్నీ ఎంత తొందరపెడుతోంది. బయాప్సీలో క్లాస్ 3 లేదా 4 (కిడ్నీ మీద లూపస్ దాడి గట్టిగా ఉన్న రకాలు) వచ్చి, క్రియాటినిన్ వారం వారం పెరుగుతుంటే బేరాలాడే టైమ్ ఉండదు. ప్రోటీన్ పోతున్నా క్రియాటినిన్ నిలకడగా ఉంటే కొన్ని రోజులు ఆలోచించుకునే వీలుంటుంది. పెద్దవాళ్లకంటే పిల్లల్లో లూపస్ కిడ్నీల మీద పడడం ఎక్కువ, అందుకే గట్టి మందులు చిన్న వయసులోనే, సరిగ్గా యుక్తవయసు వచ్చే రోజుల్లోనే అవసరమవుతాయి.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, జీవితం మొత్తంలో ఒంట్లోకి వెళ్లే సైక్లోఫాస్ఫమైడ్ మొత్తం. ఒక్క డోసు ఎంతన్నది కాదు, అన్నీ కలిపి ఎంతన్నది. ఈ మందు వృషణాల్లో వేగంగా విభజన చెందే కణాల్ని కొడుతుంది, అందులో వీర్యకణాల్ని తయారుచేసే మూలకణాలు కూడా ఉంటాయి. పండిన పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు గానీ విత్తనం వడ్లే పోతే ఏం వేస్తాం, నష్టం అలాంటిది. టెస్టోస్టెరాన్ తయారుచేసే కణాలు మాత్రం ఈ మందుని కాస్త తట్టుకుంటాయి. అందుకే గడ్డం, గొంతు, కోరిక, అంగస్తంభన అన్నీ మామూలుగానే ఉండి వీర్యంలో కణాలు మాత్రం లేకపోవచ్చు. పైకి అంతా బాగానే ఉంది కదా అనుకోవడానికి లేదు.

లెక్క ఒకసారి వేసి చూద్దాం. 50 కిలోలున్న, ఐదడుగుల నాలుగంగుళాల కుర్రాడి శరీర ఉపరితలం (డోసు దీన్ని బట్టే లెక్కేస్తారు) సుమారు 1.5 చదరపు మీటర్లు. పాత పద్ధతిలో నెలకోసారి చదరపు మీటరుకు 750 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే డోసుకు 1,125 మిల్లీగ్రాములు, ఆరు నెలలకు 6.75 గ్రాములు, అంటే చదరపు మీటరుకు 4.5 గ్రాములు. ఆ తర్వాత మూడు నెలలకోసారి చొప్పున ఇంకో ఆరు డోసులు పడితే చదరపు మీటరుకు 9 గ్రాములకు చేరుతుంది. తక్కువ డోసు పద్ధతిలో రెండు వారాలకోసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరుసార్లు, మొత్తం 3 గ్రాములే, చదరపు మీటరుకు 2. చిన్న పిల్లాడైతే అదే 3 గ్రాములు ఒంటికి ఎక్కువ లెక్క అవుతుంది: 1.1 చదరపు మీటర్లున్నవాడికి చదరపు మీటరుకు 2.7. ఇక రోజూ మాత్ర వేసుకునే పద్ధతి చూడ్డానికి సాఫ్ట్‌గా కనిపిస్తుంది గానీ, కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు వాడితే 50 కిలోలవాడికి 9 గ్రాములు, అంటే చదరపు మీటరుకు 6. డ్రిప్ కంటే మాత్ర నయమనుకునేవాళ్లు ఈ అంకె చూడాలి.

ఇంతకీ ఎంత దాటితే ప్రమాదం? చిన్నప్పుడు క్యాన్సర్‌కి ఇదే మందు వాడినవాళ్లని ఏళ్ల తరబడి గమనించి తేల్చినదాన్ని బట్టి, చదరపు మీటరుకు 4 గ్రాముల లోపు అయితే వీర్యకణాల తయారీ దెబ్బతినడం అరుదు, 7.5 దాటితే శాశ్వతంగా ఆగిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. ఇవి లూపస్ అంకెలు కావు, గీత గీసినట్టు అందరికీ సరిపోవు కూడా. కానీ మీ అబ్బాయి ఎక్కడున్నాడో అంచనా వేసుకోవడానికి పనికొస్తాయి. లూపస్‌లోనే చూసినవాళ్లలో బ్రెజిల్‌లోని సావ్ పాలో డాక్టర్లున్నారు. లూపస్ ఉన్న మగవాళ్లలో వృషణాల సైజు, వీర్యకణాల సంఖ్య మిగతావాళ్లకంటే తక్కువగా ఉన్నాయనీ, సిరలోకి ఎక్కించిన సైక్లోఫాస్ఫమైడ్‌కి అందులో పెద్ద వాటా ఉందనీ వాళ్లు చూపించారు.

మూడోది యుక్తవయసు ఎంతవరకు వచ్చింది. నాలుగోది చేతిలో ఎన్ని రోజులున్నాయి. ఐదోది డబ్బు, ఊరు, స్పెర్మ్ బ్యాంక్ ఎంత దూరం. పిల్లలు ఎప్పుడు కావాలన్నది కూడా ఉంది, కానీ పద్నాలుగేళ్లవాడిని అది అడిగితే వాడేం చెప్తాడు. "నాకు పిల్లలొద్దు" అనే అంటాడు. ఆ మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకండి.

మొదటి నిర్ణయం: ఏ మందు

| చూడాల్సింది | సైక్లోఫాస్ఫమైడ్, ఎక్కువ డోసు | సైక్లోఫాస్ఫమైడ్, తక్కువ డోసు | మైకోఫెనొలేట్ (రోగనిరోధక శక్తిని అణిచే ఇంకో మందు) |
|---|---|---|---|
| ఎలా ఇస్తారు | నెలకోసారి డ్రిప్, 6 నెలలు | 2 వారాలకోసారి డ్రిప్, 3 నెలల్లోపే పూర్తి | రోజూ రెండుపూటలా మాత్రలు |
| మొత్తం మందు | 1.5 చదరపు మీటర్లవాడికి సుమారు 6.75 గ్రాములు | 3 గ్రాములు | వర్తించదు |
| వీర్యకణాల తయారీకి ప్రమాదం | ఉంది, డోసులు పెరిగేకొద్దీ ఎక్కువ | తక్కువ, అసలు లేదనలేం | మూలకణాల్ని దెబ్బతీస్తుందని తెలియదు |
| ఖర్చు | మందు చవక, ఆస్పత్రి ఖర్చు వేరు | చవక | నెల నెలా, ఏళ్ల తరబడి |
| ఎక్కడ బెడిసికొడుతుంది | ఇన్ఫెక్షన్లు, మూత్రాశయం, జుట్టు | జబ్బు తీవ్రంగా ఉంటే చాలకపోవచ్చు | విరేచనాలు, మాత్రలు ఎగ్గొట్టడం |

పిల్లల విషయం ఒక్కటే చూస్తే మైకోఫెనొలేట్ గెలుస్తుంది, అందులో అనుమానం లేదు. కిడ్నీ విషయంలో కూడా అది వెనకబడలేదు. 2009లో 370 మందితో జరిగిన పెద్ద ట్రయల్‌లో రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. మన దేశంలోనే చండీగఢ్ పీజీఐ వాళ్లు 2016లో 100 మంది మీద తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్‌నీ మైకోఫెనొలేట్‌నీ పోల్చి చూస్తే ఫలితాలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. కాబట్టి "మైకోఫెనొలేట్‌తో మొదలుపెట్టే వీలుందా సార్" అని అడగడంలో తప్పేం లేదు. వింత కోరికేం కాదు అది.

కానీ రెండు చిక్కులున్నాయి. ఒకటి డబ్బు. సైక్లోఫాస్ఫమైడ్ చవక, ఆరు డోసులతో మొదటి దశ అయిపోతుంది. మైకోఫెనొలేట్ ప్రతినెలా కొనాల్సిందే, మధ్యలో డబ్బుల్లేక రెండు వారాలు ఆపితే జబ్బు తిరగబెడుతుంది. ఆరోగ్యశ్రీలో ఏ మందు ఎంతవరకు వస్తుందో ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని ముందే అడగండి, డిశ్చార్జ్ రోజున కాదు. రెండోది మనం పైకి ఒప్పుకోని చిక్కు: మాత్రలు ఎగ్గొట్టడం. ఇంటర్ హాస్టల్లో ఉండే కుర్రాడు పొద్దున్నే ఐదింటికి స్టడీ అవర్, మెస్సులో లైను, కడుపులో గడబిడ అని పొద్దుటి డోసు మానేస్తాడు, ఇంటికి ఫోన్ చేసినప్పుడు వేసుకున్నాననే చెప్తాడు. డ్రిప్‌తో ఆ గొడవ లేదు, నర్సు ఎక్కించిందంటే ఎక్కినట్టే. మీవాడు నిజంగా మాత్రలు వేసుకునే రకం కాదని తెలిస్తే తక్కువ డోసు డ్రిప్ వాడికి మైకోఫెనొలేట్ కంటే మేలు కావచ్చు, ఇది సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతి.

తక్కువ డోసు పద్ధతి 2002లో యూరప్‌లో 90 మందితో జరిగిన యూరో-లూపస్ ట్రయల్ నుంచి వచ్చింది, మన దగ్గర కూడా బాగా వాడుకలో ఉంది. కాకపోతే 2018లో పుదుచ్చేరి జిప్మర్ వాళ్లు తమ పేషెంట్లలో రెండు డోసుల్నీ పోల్చినప్పుడు ఎక్కువ డోసుకే మెరుగైన ఫలితం కనిపించింది. అందుకని జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు డాక్టర్ ఎక్కువ డోసు వైపు మొగ్గితే "పాతకాలం పద్ధతి" అని తీసిపారేయకండి. అప్పుడు మీరు అడగాల్సింది వేరే ఉంది, దానికే వస్తున్నాను.

టాక్రోలిమస్, రిటుక్సిమాబ్, బెలిముమాబ్ లాంటివి కూడా ఉన్నాయి. వీర్యకణాల తయారీకి వీటివల్ల సైక్లోఫాస్ఫమైడ్ లాంటి ప్రమాదం తెలియదు. ఎక్కువగా వేరే మందులకు తోడుగానో, అవి పనిచేయనప్పుడో వస్తాయి. చివరి రెండూ చాలా ఇళ్లకి ఖర్చు దగ్గరే ఆగిపోతాయి.

రెండో నిర్ణయం: వీర్యం దాచుకోవాలా

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. యుక్తవయసు వచ్చిన అబ్బాయికి సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తామంటే, అది తక్కువ డోసైనా సరే, మొదటి డోసుకు ముందు ఒక్క శాంపిలైనా దాచుకోవాలి. తక్కువ డోసుకి ప్రమాదం తక్కువే కదా అంటారేమో. నిజమే, కానీ లూపస్ ఒక్కసారితో పోయే జబ్బు కాదు. ఇరవై రెండేళ్లకి మళ్లీ తిరగబెట్టి ఇంకో కోర్సు పడితే మొత్తం పెరుగుతుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా పిల్లలు కావాలనుకునే మగవాళ్లు సైక్లోఫాస్ఫమైడ్‌కి ముందే వీర్యం భద్రపరచుకోవాలని గట్టిగా చెప్పారు.

*దాచుకోవడం.* పని సులువే, సిగ్గే కష్టం. ఒక చిన్న గది, గడియ సరిగ్గా పడే తలుపు, కుర్చీ, వాష్‌బేసిన్, పేరూ టైమూ రాసిన స్టిక్కర్ అంటించిన వెడల్పు మూత డబ్బా. అంతే. హస్తప్రయోగంతో శాంపిల్ ఇవ్వాలి, ఉమ్మి గానీ క్రీములు గానీ వాడకూడదు, మామూలు కండోమ్‌లో పట్టకూడదు. రెండు రోజుల నుంచి వారం లోపు గ్యాప్ ఉంటే మంచిది, ఆ గ్యాప్ లేదని మాత్రం మానేయకండి. ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్తపరీక్షలు చేస్తారు. శాంపిల్‌ని చిన్న గొట్టాల్లోకి విడగొట్టి మైనస్ 196 డిగ్రీల దగ్గర లిక్విడ్ నైట్రోజన్‌లో పెడతారు. వీలైతే ఒకటి రెండు రోజుల తేడాతో రెండు మూడు శాంపిళ్లు ఇవ్వండి.

స్టెరాయిడ్స్ మీద, జ్వరంతో, కాళ్ల వాపుతో ఉన్నవాడి శాంపిల్ బాగుండకపోవచ్చు. కౌంట్ తక్కువొచ్చిందని ల్యాబ్ వాళ్లు పెదవి విరిచినా దాచమనే చెప్పండి. ల్యాబ్‌లో అండంలోకి వీర్యకణాన్ని నేరుగా ఎక్కించే ఇక్సీ అనే పద్ధతిలో ఒక్కో అండానికి ఒక్క వీర్యకణం చాలు, లక్షలు అక్కర్లేదు. మొదటి డోసు పడ్డాక ఇచ్చే శాంపిల్ మాత్రం ఇలాంటిది కాదు. మందు ప్రభావంలో ఉన్న కణాల్లో జన్యుపరమైన నష్టం ఉండే ప్రమాదం ఉంది, అందుకే "ఈ నెల డోసు అయ్యాక చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

డబ్బు రెండు రకాలు: మొదట పరీక్షలకీ ఫ్రీజింగ్‌కీ ఒకసారి, తర్వాత ఏటా నిల్వకి. ఎన్నేళ్లు ఉంచుతారు, రెన్యూవల్ ఎలా, ఫీజు కట్టడం మర్చిపోతే ఏం చేస్తారు, సెంటర్ మూసేస్తే శాంపిల్ ఎక్కడికి పోతుంది, పద్దెనిమిది లోపు అబ్బాయి అయితే ఎవరి సంతకం, మేజర్ అయ్యాక ఎవరి పేరు మీదకి మారుతుంది, ఇవన్నీ కాగితం మీద అడగండి. మన దేశంలో ఈ సెంటర్లన్నీ 2021లో వచ్చిన సంతాన సాఫల్య చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఆ నంబరు అడిగితే చూపించాలి.

*యుక్తవయసు రానివాడు.* ఇక్కడ దారులు తక్కువ. వీర్యకణాలు ఇంకా తయారవ్వవు కాబట్టి దాచడానికేం ఉండదు. వృషణాల నుంచి చిన్న ముక్క తీసి భద్రపరిచే పద్ధతి ఉంది గానీ అది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. చిన్నపిల్లలకి ఈ మందు ఏమీ చేయదులే అనే మాట ఒకటి చలామణిలో ఉంది, దాన్ని నమ్మి నిశ్చింతగా ఉండకండి. వీర్యం తయారవ్వకపోయినా మూలకణాలు అక్కడే ఉంటాయి. కాబట్టి ఈ వయసులో మొదటి నిర్ణయమే అసలు నిర్ణయం. కిడ్నీ ఒప్పుకుంటే మైకోఫెనొలేట్, లేకపోతే వీలైనంత తక్కువ మొత్తం. యుక్తవయసు వచ్చిందా లేదా అన్నది వయసు చూసి కాదు, వృషణాల సైజు చూసి తేలుస్తారు. పదమూడేళ్లవాడు శాంపిల్ ఇవ్వగలిగే స్థితిలో ఉండొచ్చు, స్టెరాయిడ్స్ వల్ల ఎదుగుదల ఆలస్యమైన పదిహేనేళ్లవాడు ఉండకపోవచ్చు.

*ఏమీ చేయకుండా తర్వాత చూసుకోవడం.* క్రియాటినిన్ పరుగెడుతున్నప్పుడు, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం లాంటి అత్యవసరంలో ఇది తప్పకపోవచ్చు. అప్పుడు ప్రాణమే ముందు, తర్వాత ఎవరూ అపరాధభావం పెట్టుకోనక్కర్లేదు. కానీ రెండు రోజుల్లో డోసు ఉందని తెలిసీ "ఆ మాట ఎలా అడుగుతాం, పిల్లాడితో" అని వదిలేస్తే అది వేరే.

*మందుతో కాపాడుకోవడం.* సైక్లోఫాస్ఫమైడ్ సాగుతున్నంతకాలం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ తీసుకుంటే వృషణాలకి రక్షణ అని ఎవరైనా చెప్తే వద్దనండి. పైన చెప్పిన 2020 మార్గదర్శకాలు దీన్ని వద్దనే చెప్పాయి. ఆడపిల్లలకి అండాశయాల కోసం ఇచ్చే నెలవారీ ఇంజెక్షన్‌కి మగవాళ్లలో ఆ ఉపయోగం లేదు.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

పదకొండేళ్ల పిల్లాడి అమ్మానాన్నలైతే: మొత్తం డోసు తగ్గించే మార్గం అడగండి, ప్రతి డ్రిప్ డోసూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. తేదీ, మిల్లీగ్రాములు, ఆ రోజు బరువు, ఎత్తు. పదేళ్ల తర్వాత ఆస్పత్రి ఫైలు దొరకదు, దొరికినా సగం కాగితాలుండవు. పద్నాలుగు నిండినా వృషణాలు పెరగడం మొదలవ్వకపోతే ఎండోక్రైనాలజిస్టుకి చూపించండి.

పదిహేను నుంచి ఇరవై మధ్యవాడివైతే, తమ్ముడూ, ఇది నీతోనే. డాక్టర్‌తో రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడతానని అడుగు. మంచి డాక్టర్ తనే అడుగుతాడు: "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి, బాబుతో మాట్లాడాలి" అని. ఆయన అనకపోతే నువ్వే అను. అమ్మ ముందు అడగలేనివి కాగితం మీద రాసి ఇచ్చినా సరే. మందులు నడుస్తున్నప్పుడు కండోమ్ వాడు. సైక్లోఫాస్ఫమైడ్ వాడాను కాబట్టి గర్భం రాదులే అనుకుని వదిలేయడం పెద్ద ప్రమాదం, కౌంట్ తగ్గినవాళ్లకీ గర్భం వస్తుంది, ఆ సమయంలో వచ్చే గర్భమే వద్దనేది.

చిన్నప్పుడెప్పుడో సైక్లోఫాస్ఫమైడ్ పడి ఇప్పుడు ఇరవై ఐదేళ్లున్నవాళ్లకి ప్రశ్న వేరు: టెస్టు చేయించుకోవాలా, పెళ్లయ్యాక చూద్దామా? చేయించుకోవడమే మేలని నా మాట. ఒక్క సెమెన్ ఎనాలిసిస్‌తో మొదలుపెట్టండి. డబ్ల్యూహెచ్‌ఓ 2021 కొలతల ప్రకారం మిల్లీలీటరుకు 16 మిలియన్ల కణాలు, మొత్తం మీద 39 మిలియన్లు, కదిలేవి 42 శాతం, ఇవి కింది హద్దులు. ఇంతకంటే తక్కువొస్తే పిల్లలు పుట్టరని కాదు, కష్టం కావచ్చని. వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, కాబట్టి గత మూడు నెలల్లో గట్టి జ్వరమో ఫ్లేరో (జబ్బు తిరగబెట్టడం) వస్తే రిపోర్ట్ తక్కువే వస్తుంది, ఆగి మళ్లీ చేయించాలి. ఎలాగూ ఒక్క రిపోర్ట్ చూసి తీర్పు చెప్పకూడదు. వృషణాల పనితీరు చెప్పే హార్మోన్ పరీక్షలు, అంటే ఎఫ్‌ఎస్‌హెచ్, పొద్దున్న పూట తీసిన టెస్టోస్టెరాన్, అవసరమైతే ఇన్హిబిన్ బీ, కలిపి చూస్తారు. సున్నా వచ్చినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కొందరిలో ఏళ్ల తర్వాత తయారీ మళ్లీ మొదలవుతుంది, కొందరిలో మైక్రోస్కోప్‌తో వృషణంలోంచే కణాలు వెతికి తీయగలుగుతారు. తక్కువగా ఉన్నా ఉంటే, ఇప్పుడే దాచుకోండి, తర్వాతి ఫ్లేర్ ఎప్పుడో ఎవరికి తెలుసు.

పెళ్లయి ఇప్పుడు పిల్లలు కావాలనుకునేవాళ్లకి మందుల పట్టిక ఇదీ:

| మందు | తండ్రి కావాలనుకున్నప్పుడు |
|---|---|
| హైడ్రాక్సీక్లోరోక్విన్ | కొనసాగించొచ్చు |
| అజాథయోప్రిన్ | కొనసాగించొచ్చు |
| మైకోఫెనొలేట్ | 2020 మార్గదర్శకాలు షరతులతో కొనసాగించొచ్చన్నాయి, మందు లేబుల్ మాత్రం ఆపాక 90 రోజులదాకా గర్భనిరోధం వాడమంటుంది |
| మెథోట్రెక్సేట్ | మార్గదర్శకాల్లో షరతులతో సరే, డాక్టర్‌తో తేల్చుకోవాలి |
| టాక్రోలిమస్ | షరతులతో సరే |
| సల్ఫాసలజైన్ | కౌంట్ తగ్గించొచ్చు, ఆపితే తిరిగొస్తుంది |
| సైక్లోఫాస్ఫమైడ్ | కనీసం 3 నెలల ముందు ఆపి ఉండాలి |
| థాలిడోమైడ్ | కనీసం 4 వారాల ముందు ఆపి ఉండాలి |

మైకోఫెనొలేట్ గడి దగ్గర అందరూ ఆగిపోతారు. లేబుల్ ఒకటి చెప్తుంది, రుమటాలజీ సంఘం ఇంకొకటి చెప్తుంది. ఆడవాళ్లు గర్భంతో ఉండి ఈ మందు వాడితే బిడ్డకి లోపాలొస్తాయన్నది రుజువైన సంగతి, తండ్రి వాడితే అలా జరుగుతుందన్న ఆధారం కనబడలేదు, లేబుల్ జాగ్రత్త కోసం ఆ మాట రాసింది. అజాథయోప్రిన్‌కి మారొచ్చు, కానీ ఆ మార్పులో కిడ్నీ తిరగబెట్టే ప్రమాదం కొంత ఉంటుంది. రెండేళ్లుగా యూరిన్ క్లీన్‌గా ఉన్నవాడికి ఆ మార్పు మోయదగ్గ బరువే. నిన్నమొన్న అదుపులోకి వచ్చినవాడికైతే పిల్లల ప్లానే ఏడాది వెనక్కి జరపడం నయం. ఏది చేసినా సొంతంగా ఆపడం మాత్రం వద్దు.

మంచం మీద సమస్యలు, గోడ మీద పోస్టర్లు

అంగస్తంభన సరిగ్గా లేకపోతే అది వీర్యకణాల సమస్య కాదు, రెండింటినీ కలిపేయకండి. ఎక్కువకాలం స్టెరాయిడ్స్, కొన్ని బీపీ మందులు, కిడ్నీ, నీరసం, డిప్రెషన్, ముఖం ఉబ్బి ఒళ్లంతా చారలు పడ్డాక అద్దం చూసుకోలేకపోవడం, ఇవన్నీ కారణాలే. చాలావాటికి మందు మార్చడమో డోసు తగ్గించడమో సరిపోతుంది. గుండె కోసం నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ ముట్టుకోకూడదు. బస్టాండ్ గోడల మీద పోస్టర్లు వేసేవాళ్ల దగ్గర పొడులు కొనుక్కుంటే అందులో ఏముందో ఎవరూ చెప్పరు, సీసం, పాదరసం ఉన్నవి బయటపడ్డాయి, మన కిడ్నీలు అసలే అంతంతమాత్రం. జిమ్‌లో కండల కోసం ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు అంతకంటే మోసం: కండ పెరుగుతుంది, మెదడు వృషణాలకి పంపే సంకేతం ఆగిపోయి వీర్యకణాల తయారీ పడిపోతుంది.

సంబంధాలు చూసేటప్పుడు

పెళ్లికి ముందు అమ్మాయికి చెప్పాలా వద్దా అన్న దగ్గర మన ఇళ్లలో పెద్ద చర్చ జరుగుతుంది, "ముందు పెళ్లి కానీ, తర్వాత చూసుకుందాం" అనే మేనమామ ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. ఆయన మాట వినకండి. రోజూ నాలుగు మాత్రలు వేసుకునే మనిషి ఎన్నాళ్లు దాస్తాడు. లూపస్ ఉందని, కిడ్నీ ఎలా ఉందో, సెమెన్ రిపోర్ట్ ఏంటో, దాచిన శాంపిల్ ఉంటే అది కూడా, అమ్మాయికే నేరుగా చెప్పండి, మధ్యవర్తి చేత కాదు.

అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "పిల్లలకి వస్తుందా" అని. దగ్గర రక్తసంబంధీకుల్లో ప్రమాదం మామూలుకంటే ఎక్కువే, అయినా ఎక్కువమంది పిల్లలకి రాదు. పుట్టగానే పాపకి వచ్చే లూపస్, గుండె లయ దెబ్బతినడం అని నెట్‌లో చదివి భయపడుతుంటారు. అది తల్లి రక్తంలోని రో, లా యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకి చేరడం వల్ల వస్తుంది. తండ్రికి లూపస్ ఉంటే ఆ దారిలో రాదు.